కంప్యూటర్ గదిలో మిరప టిక్కీలు

అద్దంకి దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో పిల్లలకు కంప్యూటర్లు నేర్పేదాన్ని. నెలకోసారైనా మిషన్లు విప్పి దుమ్ము దులపాలి, లోపలి ఫ్యాన్లు చూడాలి అని హెడ్మాస్టరుగారి చెవిలో ఇల్లు కట్టుకుని పోరేదాన్ని. "పాడైనప్పుడు చూద్దాం లేమ్మా, బాగున్నవాటిని కెలకడమెందుకు?" అనేవారు. దసరాకు మాత్రం ప్రతి మానిటరుకూ పసుపు రాయించి బొట్టు పెట్టించేవారు. ఆయనకు తెలిసిన మెయింటెనెన్స్ అదే. ల్యాబులో ఏసీ ఉంది కానీ పిల్లలకు వేస్తే కరెంటు దండగట. రిమోట్ ఆయన బీరువాలో ఉండేది.

ఆ ఏడు మిరప ధర పడిపోయింది. కోల్డ్ స్టోరేజీల్లో చోటు లేదు. స్కూలు కమిటీ ఛైర్మన్ తన కాయ బస్తాలు, టిక్కీలంటారు వాటిని, తెచ్చి మా ల్యాబులో గోడవారన పేర్పించాడు. రిమోట్ వెంటనే బయటికొచ్చింది. కాయ రంగు తగ్గకుండా పగలూ రాత్రీ ఏసీ నడిచింది. ఎంత సిగ్గుమాలినతనం!

"సార్, ఈ పొడి మిషన్లలోకి పోతుంది. మా పదో తరగతి పిల్లకి ఇక్కడే పరీక్ష ఉంది" అన్నాను.

"ఏంటమ్మా, మీ ఇంట్లో కారం తినరా?" అన్నాడు ఛైర్మన్. హెడ్మాస్టరు పగలబడి నవ్వారు. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నాకు రోత.

ఆ పిల్ల సైకిల్ షాపు సాయిబుగారి కూతురు. గురుకుల కాలేజీలో సీటు కోసం ఆన్‌లైన్ పరీక్ష మా ల్యాబులోనే రాయాలి. సీటొస్తే చదువు, రాకపోతే మిరప కోతలు. వాళ్ళ నాన్న ముందే చెప్పేశాడు.

పరీక్ష రోజు టిక్కీల మీద టార్పాలిన్ కప్పారు. మిషన్లు వేయగానే ఘాటు లేచింది. పిల్ల దగ్గుతూనే రాసింది. ఫ్యాన్ల నిండా ఎర్రపొడి పేరుకుని మిషన్ వేడెక్కి ఆగిపోయింది. ఇంకోదాని ముందు కూర్చోబెట్టాను, అదీ ఆగింది. సగం ప్రశ్నలు మిగిలుండగానే టైము అయిపోయింది.

అప్పుడు ఛైర్మన్ పరుగెత్తుకొచ్చాడు, కూలీలను వెంటబెట్టుకుని. "మిషన్లు వేడెక్కినయ్యంట! కాయ రంగు పోద్ది కదండీ, ముందే చెప్పొద్దా?" అని నా మీద అరిచాడు.

ఆ పిల్ల కుర్చీలోంచి లేవలేదు. కళ్ళు తుడుచుకుంటూ "మళ్ళీ రాయనిస్తారా మేడమ్?" అని అడిగింది.

హెడ్మాస్టరుగారు ఆ పిల్లను పక్కకు జరగమన్నారు, టిక్కీలకు దారి కావాలని.