కొప్పుకు పట్టని హెల్మెట్

“పెద్ద సైజు తీస్కో అత్తమ్మా, కొప్పు కూడా లోపల పడ్తది.”

“కొప్పు పడ్తది, తలకాయ ఊగుతది. నాకు కావాల్సింది హెల్మెటా, గంప మీద మూతనా?”

“చిన్నది తల మీద కూసుంటనే లేదు. దుకాణపాయన మన మొకాలే చూస్తుండు, జర తొందరగ తేల్చు!”

“చూడనీ. తలకాయ నాది.”

హెల్మెట్ల దుకాణంలో నా కోడలితో జరిగిన తగువు ఇది. నేను హోంగార్డును. చదువు ఐదో తరగతి. అది యూనిఫాంలో నా ఆఖరి వానాకాలం.

ఆ నెలలోనే నన్ను ఐటీ ఆఫీసుల కూడలికి వేశారు. డ్యూటీ ఉదయం ఎనిమిది నుంచి రెండు దాకా. ఒక పక్క గచ్చిబౌలి రోడ్డు, ఇంకో పక్క రాయదుర్గం మెట్రో. నడుమ ఫ్లైఓవర్ స్తంభం, దాని కిందే మా పోస్టు. వాన ఆగినా పైనుంచి నీళ్ళు కారుతూనే ఉండేవి. నా సామాను ఒక విజిల్, మెరిసే జాకెట్, రైన్‌కోటు, టోపీ. మా ఇంటి నుంచి నేరుగా బస్సు లేదు. కోడలు అక్కడే ఒక ఆఫీసులో హౌస్‌కీపింగ్ పని చేస్తుంది. తన స్కూటీ వెనక నన్ను తెచ్చి దించేది.

ఎస్సై ఆర్డరు వేశాడు: “హెల్మెట్ తనిఖీలు చేసేది మనం. మనోళ్ళే బండి వెనక ఉత్త తలతోని వస్తే జనం నవ్వరా? రేపటి సంది హెల్మెట్ లేకుంటే డ్యూటీ లేదు.”

న్యాయమైన ఆర్డరే. పాత ఆర్డరు ఇంకొకటి ఉంది. ఆడ సిబ్బంది జుట్టు కొప్పు చుట్టి, నెట్టు వేసి, టోపీ కింద పెట్టాలి. అదీ న్యాయమే. కానీ రెండూ ఒకే తల మీద నిలవవు. మెడ దగ్గర కొప్పు హెల్మెట్‌ను వెనక నుంచి ఎత్తుతుంది, ముందు అంచు కళ్ళ మీద పడుతుంది. పైకి నెడితే నుదురంతా బయటే. ఆర్డర్లు వేసినవాళ్ళ జుట్టు రెండు వేళ్ళంత. వాళ్ళకేం తెలుస్తుంది?

“కత్తిరించుకో, పీడ పోతది” అంది కోడలు.

“నా జుట్టు నీకేం అడ్డమొచ్చిందే?”

దుకాణంలోనే కొప్పు విప్పేశాను. దుకాణపాయన గోడ వైపు తిరిగాడు. జడ వేసి, బిగువైనది ఒకటి పెట్టుకుని పట్టీ బిగించాను. గడ్డం దగ్గర పట్టుకుని ఊపితే హెల్మెట్‌తో పాటు చెంపలు కదిలాయి. అట్లా కదలాలి. బిగువు ఉండాలి, నొప్పి ఉండకూడదు. నొప్పి తెలియాలని వెంటనే తీయలేదు. కోడలు విసుక్కున్నా అక్కడే స్టూలు మీద కూర్చున్నాను. నుదుటి మీద ఎక్కడా గుచ్చలేదు. ఐఎస్ఐ గుర్తు చూశాను. లోపలి మెత్త ఊడదీసి ఉతకొచ్చా అని అడిగాను. ఉతకొచ్చన్నాడు. కొన్నాను. నేను పిసినారినే. కానీ నా కూడలిలోనే ఒకడు బ్రేకు వేస్తే వదులు హెల్మెట్ ఎగిరిపోయి, ఉత్త తల డివైడర్‌కు తగలడం చూశాను.

మరునాడు జడతో దిగి, స్తంభం చాటున కొప్పు చుడుతుంటే ఎస్సై వచ్చాడు.

“ఏందమ్మా, డ్యూటీ మీదికొచ్చి సింగారమా?”

“హెల్మెట్ల కొప్పు పట్టదు సార్.”

“అదంతా ఇంటికాడ చూస్కొని రావాలె.”

“ఇంటికాడ కొప్పేస్తే హెల్మెట్ పట్టదు సార్.”

లేటు రాశాడు. నీడ లేని యూ-టర్న్ దగ్గరికి పంపాడు. మళ్ళీ లేటైతే ఆ రోజు డ్యూటీ ఉండదన్నాడు. మాకు డ్యూటీ చేసిన రోజుకే జీతం.

డ్యూటీ దిగాక మిగతా ఇద్దరు ఆడ హోంగార్డులను, హెల్మెట్‌కు మీరేం చేస్తున్నారని అడిగాను.

“నేను పెద్దది కొన్న అక్కా. బ్రేకేస్తే కండ్ల మీదికొస్తది” అంది బస్‌స్టాపు డ్యూటీ ఆమె.

“నేను పట్టీ పెడ్తలేను. పెడితే కొప్పు మెడకు గుచ్చుతది” అంది జీబ్రా క్రాసింగ్ దగ్గర నిలబడే ఆమె.

ఒళ్ళు మండింది. “సచ్చినంక కొప్పు ఎవడు చూస్తడే? ఆ పెద్దది వాపసిచ్చి బిగువైంది తెచ్చుకో. నువ్వు పట్టీ పెట్టు. రేపు ఇద్దరూ జడలతోనే రాండ్రి.”

“మరి డ్యూటీ పోతది గద అక్కా?”

“ముగ్గురిదీ పోనీ.”

దసరాకు ముందు రిటైరై, యూనిఫాం అప్పగించి ఇంటికి వచ్చేశాను. ఆర్డర్లు రెండూ అట్లాగే ఉన్నాయి. కూడలి ఎట్లుండేది అని కాలనీవాళ్ళు అడిగితే నా కళ్ళకు కట్టేది ముగ్గురం జడలతో వచ్చిన ఆ మరుసటి ఉదయమే.

వాన పడుతోంది. స్తంభం కింద ముగ్గురం, నోట్లో పిన్నులు, కాళ్ళ దగ్గర మూడు హెల్మెట్లు. ఆఫీసు బస్సులు అడ్డం తిరిగాయి. వాటి సందుల్లో బైకులు దూరాయి. వైర్‌లెస్ సెట్టులో ఎస్సై గొంతు: “జంక్షన్, మహిళా స్టాఫ్ ఏరి?”

సెట్టు కానిస్టేబుల్ మా వైపు చూశాడు. “కొప్పులు సుట్టుకుంటున్నరు సార్.”

ఎస్సై జీపు దిగి వచ్చాడు. రైన్‌కోటు లేదు. మా కాళ్ళ దగ్గరి హెల్మెట్లు చూశాడు. విజిల్ ఊదుకుంటూ రోడ్డు నడిమికి పోయి, ఆఫీసు బస్సుకు అరచెయ్యి అడ్డం పెట్టి నిలబడ్డాడు. మేం ఆఖరి పిన్ను పెట్టుకునే దాకా ఆయనే తడిశాడు.