పురుగుల గది పక్కన ఆకుపచ్చ అలమర

పోయిన నెల చిక్కబళ్ళాపురంలో మా చిన్నబ్బాయి కొత్తగా కట్టించుకున్న ఇంట్లో లోపలి పనులు జరుగుతున్నాయంటే చూడడానికి వెళ్ళాను. ఎక్కడ ఏ అలమర రావాలో, ఏ గోడకు ఏ రంగు నప్పుతుందో, వంటింట్లో గిన్నెలు కనబడకుండా ఎట్లా దాచాలో చెప్పడానికి ఒక అమ్మాయి వచ్చి, చేతిలోని పలకలాంటి దానిమీద బొమ్మలు చూపిస్తూ, మీ గదికి ఏ రంగు వేయమంటారని నన్ను కూడా మర్యాదగా అడిగింది. నేను జవాబు చెప్పేలోగా పక్క గదిలో పనివాడెవరో రంగు డబ్బా మూత ఊడదీశాడు. ఆ వాసన నా ముక్కుకు తగలడం, నేను కుర్చీలోంచి లేచి చెప్పులు కూడా వేసుకోకుండా పోయి కనబడిన ప్రతి కిటికీనీ బార్లా తెరవడం ఒక్కసారే జరిగాయి. గుండె దడదడ కొట్టుకుంటుంటే చివరి కిటికీ ఊచ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. కోడలు రక్తపోటనుకుని మజ్జిగ తెచ్చి ఇచ్చింది, కొడుకు డాక్టరుకు ఫోను చేస్తానన్నాడు. అది అరవై ఏళ్ళనాటి భయమనీ, మాత్రలకు లొంగేది కాదనీ వాళ్ళకు ఎట్లా చెప్పను? చదివేవాళ్ళలో నా ఈడు వాళ్ళు కొందరైనా ఉంటారు కనుక మీకు చెప్పుకుంటాను.

నేను పుట్టి పెరిగింది చిక్కబళ్ళాపురంలోనే. ఇంకా మైసూరు రాష్ట్రం అని పిలుచుకునే రోజులు. మా నాయన తాలూకు కచేరిలో గుమాస్తా. మేముండేది రెండు గదుల అద్దె ఇల్లే అయినా, పండుగలకు మా నాయన పై అధికారి ఇంటికి పోయి వచ్చినప్పుడల్లా నాకు ఆ ఇల్లే కళ్ళలో ఆడేది. గోడలోనే అమర్చిన అలమర, దానికి ఆకుపచ్చ రంగు వేసి నిగనిగలాడే తలుపులు, కిటికీకి పూల గుడ్డ తెర, నడుమ గుండ్రటి బల్ల, దాని చుట్టూ పేము కుర్చీలు. పెళ్ళంటే ఏమిటో తెలియని వయసులోనే, పెళ్ళయ్యాక నా ఇల్లు అట్లా ఉండాలని మాత్రం గట్టిగా అనుకున్నాను.

పెళ్ళై సాదలి అనే పల్లెలో అత్తవారింటికి వచ్చి చూస్తే ఆ పెంకుటిల్లు మనుషుల కోసం కట్టింది కాదు, పట్టుపురుగుల కోసం కట్టింది. ఇంట్లో అన్నిటికన్నా పెద్దదీ చల్లనిదీ అయిన గది వాటిది. అందులో కొయ్య మంచెల మీద వెదురు తట్టలు అంతస్తులుగా పేర్చి ఉండేవి, చీమలు ఎక్కకుండా మంచె కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు ఉండేవి. పురుగులకు వాసన పడదు కనుక ఇంట్లో ఘాటైన తాలింపు ఉండేది కాదు, అగరుబత్తి వెలిగేది కాదు, మా ఆయన బీడీ కాల్చాలంటే బావి అవతలికి పోయేవారు, కొత్త పెళ్ళికూతురినైనా నేను తలలో మల్లెపూలు పెట్టుకునేదాన్ని కాదు. మా వీధిలోనే ఒక కోడలు పురుగులున్న రోజుల్లో ఎండుచేపలు వేయించిందట, పంట పోయిందట, ఆమెను పుట్టింటికి పంపేశారట, మళ్ళీ పిలవలేదట. ఈ కథ నేను కాపురానికి వచ్చిన వారంలోనే ముగ్గురు చెప్పారు.

మా మామగారు అప్పటికే లేరు. ఇల్లంతా మా అత్తమ్మ చేతిమీదే నడిచేది. ఆమె తిట్టే మనిషి కాదు, మాట తక్కువ. ఆ మాట తక్కువతనానికే నేను ఎక్కువ భయపడేదాన్ని. తిట్టే అత్త అయితే ఎప్పుడు కోపం వచ్చిందో తెలుస్తుంది, ఈమె మొహం చూస్తే ఏమీ తెలిసేది కాదు.

ఆ ఏడు వానలు ముసురు పట్టిన కాలంలో, బాగేపల్లి దగ్గర పరగోడులో ఉన్న మా ఆడబిడ్డకు నొప్పులు మొదలయ్యాయని కబురు వచ్చింది. తట్టల్లో పురుగులు అప్పుడే మూడోసారి కుబుసం విడిచి లేచాయి. కుబుసం విడవడాన్ని మా వైపు జ్వరం అంటారు. నాలుగు జ్వరాలు దాటితేగాని పురుగు గూడు అల్లదు. అత్తమ్మ కొంగున విభూతి ముడి వేసుకుని బయలుదేరుతూ నన్ను పిలిచి, "మూడో జ్వరం నుంచి లేచిండాయి, ఆకు బాగా తింటాయి. ఏ వాసనా తగలనీయొద్దమ్మా. నీ మీద ఇడిచిపెట్టి పోతాండాను" అన్నది. ఆ పంట మీదే మా ఇంటి ఏడాది నడిచేది. నేను తల ఊపాను.

ఇక్కడ మా ఆయన గురించి ఒక మాట చెప్పాలి. ఆయనకు నామీద ప్రేమ ఉండేది గానీ దాన్ని చూపించడానికి ఆ ఇంట్లో చోటు ఉండేది కాదు. మేము పడుకునే అర పురుగుల గదికి ఆనుకుని ఉండేది, దానికి తలుపు కూడా లేదు. నేను ఎప్పుడో చెప్పిన అలమర సంగతి మనసులో పెట్టుకుని, ఆ గోడలో ఉన్న పెద్ద గూటికి వడ్రంగి చేత పలకలూ తలుపులూ పెట్టించి ఉంచారు. అత్తమ్మ ఊరికి పోయిన మరునాడు చిక్కబళ్ళాపురం సంతకు పోయి, తిరిగి వస్తూ ఒక ఆకుపచ్చ రంగు డబ్బా, ఒక బ్రష్షు, ఒక పూల గుడ్డ తెచ్చారు. నాకు కలిగిన సంతోషం ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది. వాసన సంగతి నేను అడగకపోలేదు. "నడుమ గోడ ఉండాది కదా. అమ్మ వచ్చేలోగా ఆరిపోతాదిలే" అన్నారాయన. నాకు ఆ మాట చాలింది, ఎందుకంటే చాలాలని నేనే కోరుకున్నాను. ఆ మధ్యాహ్నమంతా ఆయన రంగు పూశారు. నేను గుడ్డకు అంచు కుడుతూ, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి దూరంగా నిలబడి, ఇక్కడ అక్కడ అని వేలు చూపించాను. సాయంత్రానికి ఆ అర అధికారి ఇంట్లో గదిలాగే కనబడింది.

తెల్లవారి మల్బరీ ఆకు వేయడానికి పురుగుల గదిలోకి పోయాను. ముందు నాకు తోచింది గదిలో చప్పుడు లేదని. పురుగులు ఆకు తినేటప్పుడు ఒక సన్నని సవ్వడి ఉంటుంది, అది ఆ ఇంటి ఊపిరి లాంటిది. నిన్న వేసిన ఆకు తట్టల్లో వేసినట్టే ఉంది. పురుగులు తట్టల అంచులకు పాకి, తలలు ఎత్తి, అటూ ఇటూ ఊపుతున్నాయి. కొన్ని పచ్చటి నీళ్ళు కక్కుతున్నాయి. అలమర ఉన్న గోడ వైపు తట్టల్లో కొన్ని ముడుచుకుపోయి కదలడం లేదు. మా ఆయనను పిలవడానికి భయమేసింది, ఎందుకంటే పిలిస్తే అది నిజమైపోతుంది.

పక్కింటి అవ్వ ఆకు అడగడానికి వచ్చి గడపలోనే ఆగిపోయింది. "ఏమి పూసినారమ్మే ఇంట్లో? వీధిలోకి కొడ్తాండాది వాసన."

"గోడకు ఆపక్క కదవ్వా పూసింది."

"గోడ యాడిదాకా ఉండాదో తలెత్తి చూడు."

చూశాను. రోజూ చూసే గోడే. మనిషి ఎత్తుకు కాస్త మించి ఉండి అక్కడితో ఆగిపోయింది. దానిపైన దూలాల వరకు అంతా ఖాళీ. ఇల్లు చల్లగా ఉండడానికి పాతవాళ్ళు గాలి ఇట్టే తిరిగేలా అట్లా వదిలేవారు. ఆ గాలే రాత్రంతా రంగు వాసనను మోసుకొచ్చి పురుగుల మీద దింపింది.

అవ్వ చెప్పినట్టు, ఇంకా కదులుతున్న పురుగులను పశువుల కొట్టంలో ఒక మూల శుభ్రం చేసి అక్కడికి మార్చాను. మా ఆయన చేతులకు రంగు, దాన్ని కడిగిన కిరసనాయిలు వాసన. అందుకని ఆయన ముట్టడానికి లేదు. చేతులకు గుడ్డ చుట్టుకుని, వానకు తడిసిన ఆకును ఆరబెట్టి తెచ్చి గుమ్మం బయట పెట్టి, నేరం చేసినవాడిలాగా దూరంగా నిలబడేవారు. పన్నెండు తట్టల్లో అయిదు పూర్తిగా పోయాయి. చచ్చిన పురుగులను ఎరువు గుంతలో పూడ్చి వచ్చి చేతులు ఎన్నిసార్లు కడుక్కున్నానో తెలియదు. పుట్టింటికి పోయే బస్సు ఎన్ని గంటలకో, మా అమ్మ నన్ను గుమ్మంలో చూసి ఏమంటుందో, మా నాయన కచేరిలో ఎట్లా తలెత్తుకుంటారో, అన్నీ వరుసగా ఆలోచించాను. దూరంగా బస్సు హారను వినిపించినప్పుడల్లా అత్తమ్మ దిగిందేమోనని వీధి గుమ్మం దాకా పోయి చూసి వచ్చేదాన్ని.

అత్తమ్మ అనుకున్నదానికన్నా రెండు రోజులు ముందే వచ్చింది. ఆడబిడ్డకు సుఖంగా కాన్పయి కూతురు పుట్టిందట. ఆ మాట గడపలో చెబుతూనే ముక్కు ఎగబీల్చింది. సంచీ కింద పెట్టి పురుగుల గదిలోకి తొంగిచూసి, ఖాళీ మంచెలు చూసి, నా వైపు తిరిగింది.

"ఎన్ని తట్లు పోయినాయి?"

"అయిదు, అత్తమ్మా."

"ఇంగా ఎన్నుండాయి?"

"ఏడు. కొట్టంలో పెట్టినాను."

ఆమె మా అరలోకి పోయింది. ఆ ముసురుకు అలమర తలుపులు ఇంకా ఆరలేదు. ఆమె ఆ తలుపును ఒక క్షణం చూసి, కుడి అరచెయ్యి చాచి దానిమీద ఆనించింది. తీసేసరికి చెయ్యంతా ఆకుపచ్చగా అయింది. ఆ చేతిని నాకు చూపించింది.

"రంగంటిన చేత్తో నేను పురుగును ముట్టుకునేదానికి లేదు. నువ్వే చెయ్యల్ల."

"నాకు రాదత్తమ్మా."

"నాకు మాత్రం పుట్టినప్పుడే వచ్చునా? గడపలో కూర్చోని చెప్తాను, నువ్వు చెయ్యి."

తిడితే ఏడ్చి ఊరుకునేదాన్ని. పంపేస్తే పోయేదాన్ని. ఈ శిక్షకు మాత్రం నేను సిద్ధంగా లేను. మిగిలిన ఏడు తట్టలూ నా చేతుల్లోనే బతకాలి, లేదా నా చేతుల్లోనే చావాలి. ఆమె వచ్చిన మూడో రోజు పురుగులు నాలుగో జ్వరానికి పడుకున్నాయి. ఇప్పుడు తలచుకున్నా ఒళ్ళు జలదరిస్తుంది. జ్వరంలో పురుగు తినదు, కదలదు, చచ్చినదానికీ బతికినదానికీ తేడా నాకు తెలియదు. ఏడు తట్టల నిండా వేలాది పురుగులు రాళ్ళలాగా ఉన్నాయి. కొట్టం గుమ్మంలో అత్తమ్మ, ఆమె పక్కన అవ్వ, వెనక మా ఆయన, ముగ్గురూ నా మొహమే చూస్తున్నారు.

"తలెత్తుకోని ఉండాయా, తల వాల్చినాయా?" అని అత్తమ్మ అడిగింది.

వంగి చూశాను. కళ్ళలో నీళ్ళు, ఏమీ కనబడలేదు. తుడుచుకుని మళ్ళీ చూశాను. "ఎత్తుకోని ఉండాయి."

"అయితే బతికిండాయి. రేపటిదాకా వాటి జోలికి పోవద్దు."

మరునాడు మధ్యాహ్నానికి ఒక్కొక్కటే పాత చర్మం విడిచి కదిలాయి. ఆకు వేశాను. కాసేపటికి ఆ సవ్వడి వినబడింది. నాలుగు రోజులకు అత్తమ్మ అరచేతి రంగు ఊడిపోయింది, అయినా ఆమె గుమ్మం దాటి లోపలికి రాలేదు. పురుగులు పండి పసుపుబారి, చంద్రికలనే వెదురు చాపల మీద గూళ్ళు అల్లుకునేంతవరకు అక్కడే కూర్చుని చెప్పింది. గూళ్ళు పలచన, ఏడు తట్టలకు రావలసినన్ని రాలేదు. మొదటి గూడు ఊడదీసి తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. ఆమె లేచి నిలబడి దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఆడించింది. లోపల పురుగు గలగలమన్నది, గూడు పక్వానికి వచ్చినట్టే. అప్పుడు ఆమె గోడ పట్టుకుని మెల్లగా నేలమీద కూలబడింది. ఇన్నాళ్ళూ ఆమె కూడా నా అంతే భయపడిందని నాకు ఆ క్షణంలో తెలిసింది. అయిదు తట్టల సంగతి ఆ రోజు గానీ, ఆ తరవాత బతికినన్నాళ్ళు గానీ ఆమె ఎత్తలేదు.

మరుసటి ఏడు పెరట్లో పురుగులకు వేరే ఇల్లు కట్టించింది. "ఇంట్లో మనుషులుండల్ల" అని ఒక్కమాటే అన్నది. పెద్ద గది మాకు వచ్చింది. క్రమంగా కుర్చీలు వచ్చాయి, బల్ల వచ్చింది, గోడలు పైదాకా లేచాయి, గదులకు తలుపులు వచ్చాయి. చింతామణి నుంచి వచ్చిన చుట్టాలు ఇల్లెంత బాగా తీర్చుకున్నావని మెచ్చుకునేవారు. తడి రంగు మీద ఆమె కావాలనే చెయ్యి పెట్టిందా, తెలియక పెట్టిందా అని అడగాలని చాలాసార్లు అనుకున్నాను. ఆమె పోయి ముప్పై ఏళ్ళు దాటింది. అడగలేకపోయాను.

మా చిన్నబ్బాయి కొత్త ఇల్లు చాలా అందంగా తయారవుతున్నది, అందులో అబద్ధం లేదు. ప్రతి మనిషికీ ఒక గది, ప్రతి గదికీ గడియ. నా కోడలు నాకు భయపడదు, భయపడాలని నేనూ కోరను. అయితే కొడుకుకు ఉద్యోగంలో ఏదో చిక్కు వచ్చిందని నాకు ఆరు నెలల తరవాత, అదీ వేరెవరో చెబితే తెలిసింది. మనవరాలు పరీక్ష పోయినప్పుడు రెండు రోజులు తలుపు తీయలేదు. ఆ రోజుల్లో మాకు భయం వస్తే నలుగురం ఒకే గుమ్మంలో కూర్చుని భయపడేవాళ్ళం. ఇప్పుడు ఎవరి గదిలో వాళ్ళు తలుపు వేసుకుని, ఒంటరిగా భయపడుతున్నారు.