కొంగ ఆడి చూసిన ఆట

క్రేన్ ఎక్కే ముందు మా అక్క రోజూ ఒక పని చేస్తుంది. నిచ్చెన మొదటి మెట్టు మీద చెయ్యి వేసి, తల పైకెత్తి, "వస్తున్నా ఉండు" అంటుంది. పైన క్యాబిన్‌లో ఎవరూ ఉండరు. క్రేన్‌తోనే అంటుంది. రేవులో ఈ సంగతి అందరికీ తెలుసు. మనిషి పొడుగు, మెడ మరీ పొడుగు, పైగా రోజంతా అంత ఎత్తున కూర్చుని నీళ్లకేసి చూస్తుంది కాబట్టి అక్కడివాళ్లు ఆమెకి కొంగ అని పేరు పెట్టారు. ఆ పేరుతో పిలిస్తేనే తొందరగా పలుకుతుంది.

ఓడలోంచి కంటెయినర్లు లేపి లారీల మీద దించడం ఆమె పని. పైనుంచి చూస్తే పెట్టె నెత్తి కనిపిస్తుంది గానీ అడుగు కనిపించదు. అందుకని కింద ఒక మనిషి నిలబడి వాకీటాకీలో "ఎడమ, ఇంకా, ఆపు, దించు" అని చెబుతూ ఉంటాడు. ఆ మాట లేకుండా అక్క హుక్కు కదలనివ్వదు.

పై నుంచి చూసే ఆ కళ్లకి ఏటా పరీక్ష చేయించుకోవాలి. అలా వెళ్లిన కళ్లద్దాల దుకాణంలో, కళ్లు పరీక్షించే ఆయన కలిశాడు. నోట్లో నాలుక లేని మనిషి. రోజంతా అద్దాలు మార్చి మార్చి "ఇది బాగుందా, అది బాగుందా? మొదటిదా, రెండోదా?" అని అడగడం అలవాటై, బయట కూడా అదే గొంతుతో మాట్లాడతాడు. మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు, "ఈ కుర్చీలో కూర్చోనా, ఆ కుర్చీలోనా?" అని అమ్మని అడిగి, ఆవిడ చెప్పేదాకా నిలబడే ఉన్నాడు.

ఏడాది తిరగకుండానే పెళ్లి మాట ఎత్తాడు. అక్కకి ఇష్టమే. అడ్డమల్లా ఒక్కటే, ఆయన ఆదివారాలు. భోజనం అవగానే కంప్యూటర్ ముందు కూర్చుని, స్నేహితులతో కలిసి వైకింగుల ఆట, అంటే పాతకాలపు ఓడ వీరుల ఆట ఒకటి ఆడతాడు. కూర్చున్నాడంటే చీకటి పడేదాకా ఈ లోకంలో ఉండడు.

"సెలవు రోజు నీకు ఆ గడ్డాలవాళ్లు ఎక్కువా, నేనెక్కువా?" అని ఒకరోజు మా ముందు గదిలోనే నిలదీసింది అక్క.

"అది కాదు, ఆ ఆట నిజంగా మంచిది..."

"మంచిదో కాదో నేనాడి చూస్తా. మంచిదైతే నువ్వూ ఉండు, నీ ఆటా ఉండనీ. చెత్తయితే మాత్రం, చెత్త కోసం ఇన్ని ఆదివారాలు తగలేసిన మనిషి నాకొద్దు. నేను ఆడుతుంటే నువ్వు నోరెత్తకూడదు."

"ఒక్క చిన్న సలహా..."

"నోరు!"

అది హాస్యం కాదని ఆమె మొహం చూస్తేనే తెలిసింది. ఆయన కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. కంగారు పుడితే ఆయన చేసే పని అదే.

మరుసటి ఆదివారం అక్కకొకటి, తనకొకటి, రెండు ల్యాప్‌టాప్‌లు మోసుకొచ్చాడు. వాటి కోసం అమ్మ కుట్టుమిషన్‌ని గోడవారకి జరిపింది. నేను మూలన పుస్తకం తెరుచుకుని కూర్చున్నాను గానీ, ఆ రోజు ఒక్క పేజీ కూడా తిప్పలేదు.

ఆట మొదలయ్యేసరికి, యుద్ధంలో చచ్చిపోయిన వీరుణ్ణి ఒంటికన్ను దేవుడు ఒక అడవిలో పడేస్తాడు. కట్టెలు కొట్టుకోవాలి, ఇల్లు కట్టుకోవాలి, ఆ దేవుడి శత్రువుల్ని చంపాలి.

"చచ్చాక కూడా డ్యూటీయేనా?" అంది అక్క.

గొడ్డలి సంపాదించి మొదటి చెట్టు నరికింది. చెట్టు పెళపెళమంటూ వచ్చి ఆమె నెత్తి మీదే పడింది. వీరుడు మళ్లీ చచ్చాడు. ఇన్నేళ్లూ బరువులకి పైన ఉన్నదే గానీ, బరువు కింద నిలబడ్డం మా అక్కకి అదే మొదలు. ఆమె నోరు తెరిచి చూస్తోంది. అమ్మ మిషన్ ఆపి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది.

తర్వాత ఇల్లు కట్టింది. వాన పడుతోందని అన్ని వైపులా మూసేసి లోపల నిప్పు రాజేసింది. గది నిండా పొగ కమ్ముకుంది, ప్రాణం తరిగిపోసాగింది.

"ఎందుకు చస్తున్నానే?" అని నన్నడిగింది.

"పొగ పోవడానికి దారేదే మొద్దూ!" అంది అమ్మ, పళ్లతో దారం తెంపుతూ. "గోడలు కడితే ఇల్లయిపోతుందా?"

అక్క కప్పులో ఒక పలక పీకేసింది. పొగ పైకి పోయింది. అమ్మ ఆ రోజు మళ్లీ మిషన్ తొక్కలేదు. కుర్చీ దగ్గరకి లాక్కుంది. ఆటలో అప్పుడప్పుడు ఒక పెద్ద కాకి వాలి ఉపాయాలు చెప్పి పోతుంది. "కాకి సలహాలివ్వొచ్చు గానీ, పాపం ఆ అబ్బాయి ఇవ్వకూడదా?" అంది అమ్మ. ఆయన ఆవిడకేసి చేతులు జోడించినంత పని చేశాడు. అక్క కరగలేదు.

అలా కొన్ని ఆదివారాలు గడిచాయి. ఒకరోజు సముద్రానికి అవతల, బురద నేలలో ఇనుము దొరికింది. ఆ ఆటలో మాయ ద్వారాలుంటాయి. ఇక్కడ అడుగు పెడితే అక్కడ తేలొచ్చు. అక్క సంచి నిండా ఇనుము నింపుకుని ద్వారం దగ్గరకి వెళ్లింది. ద్వారం రానివ్వలేదు. మనుషుల్ని దాటిస్తుంది గానీ లోహాన్ని దాటనివ్వదు.

ఆయన కళ్లద్దాలు తీసేశాడు. ఆయన స్నేహితులిద్దరు ఇక్కడే ఆటని తిట్టి మానేశారని తర్వాత చెప్పాడు. తన పెళ్లి కూడా ఇక్కడే ఆగిపోతుందనుకున్నాడట.

అక్క తెరకేసి చాలాసేపు చూసింది. "అయితే సరుకు ఓడెక్కాల్సిందేనన్నమాట" అంది. ఆమె మొహం విప్పారింది. "చూశావా అమ్మా? ఈ ఆటకి సరుకంటే మర్యాద ఉంది."

ఓడ కట్టింది, ఇనుమంతా ఎక్కించింది. బయల్దేరిన కాసేపటికే పొగమంచు కమ్ముకుంది. చుక్కాని దగ్గర కూర్చున్న ఆమెకి తెరచాప అడ్డమై ముందు ఏమీ కనిపించడం లేదు.

"ఇంక నోరు తెరువు" అంది ఆయనతో. "ముందు నిలబడి దారి చెప్పు."

ఇన్ని వారాలుగా ఎదురుచూసిన అవకాశం. ఆటలో ఆయన వీరుడు ఓడ ముందు కొమ్ము మీదకి పరిగెత్తాడు. ఎదురుగా బండరాయి.

"ఇప్పుడూ... ఎడమవైపు బాగుంటుందా, కుడివైపు బాగుంటుందా? మొదటిదా..."

ఓడ ఫెళ్లున రాయికి గుద్దుకుంది. పలకలు విడిపోయాయి. ఇనుమంతా నీళ్లలోకి దిగిపోయింది.

"పుట్టి మునిగింది!" అంది అమ్మ.

"నన్నడుగుతావేంటయ్యా!" అంటూ అక్క బల్ల మీద తలపెట్టేసింది. భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తోందనుకుని ఆయన పాలిపోయాడు. తల ఎత్తేసరికి నవ్వుతోంది. ఊపిరాడనంత నవ్వు.

"ఇది కళ్ల పరీక్ష కాదు. చుక్కాని దగ్గరున్నవాళ్లకి ఏమీ కనిపించదు. నీకు కనిపించింది నువ్వు చెప్పాలి. ఎడమంటే ఎడమ. తప్పయితే ఇద్దరం మునుగుదాం, పర్లేదు."

మళ్లీ ఇనుము తవ్వారు, మళ్లీ ఓడ కట్టారు. ఈసారి ఆయన గొంతు ముందు వణికింది. తర్వాత నిలదొక్కుకుంది.

"ఎడమ. ఇంకా. చాలు. నేరుగా పోనీ. మెల్లగా... ఆపు."

ఓడ ఆటలోని మా ఒడ్డుకి ఆనింది. గుడ్డు కింద పెట్టినంత మెత్తగా ఆనింది. అమ్మ చప్పట్లు కొట్టింది.

"ఇంతకీ ఏం తేల్చావే? ఆడదగ్గదేనా?" అని నేనే అడిగాను. ఆయన అడగలేడని తెలుసు.

అక్క వేళ్లు విరుచుకుంది. "సంచి మరీ చిన్నది. అడవి పందులకి బొత్తిగా మర్యాద లేదు. ఒక్కదాన్నే ఆడాలంటే మూడో పూటకి విసుగొస్తుంది." కాస్త ఆగి ఆయనకేసి చూసింది. "ఇద్దరైతే ఆడొచ్చు. ఎన్నాళ్లైనా."

"ఇద్దరే అంటే... నా స్నేహితులు కూడా వస్తే..."

"బాబూ," అంది అమ్మ, "నీ కళ్లకి ఎవరైనా పరీక్ష చేశారా?"

అప్పటికి అర్థమైంది ఆయనకి. చెవుల దాకా ఎర్రబడ్డాడు. కళ్లద్దాలు తుడుచుకోవడానికి తీశాడు గానీ తుడవడం మరిచిపోయి చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు.

పెళ్లయి వాళ్లిద్దరూ ఇప్పుడు రేవు గేటుకి దగ్గర్లో రెండు గదుల ఇంట్లో ఉంటున్నారు. అక్క అదే క్రేన్ నడుపుతోంది, ఆదివారాలు సెలవు. ఆ రోజు ఆయన దారి చెబుతుంటే ఆటలో ఓడ నడుపుతుంది.