కుక్కను కట్టేసి వేటకు పోయిన రోజు

నా చిన్నప్పుడు నేను కుళ్లుకోని మనిషి మా ఊళ్లో లేడు. అయినా ఆ కుళ్లంతా ఒక కుప్ప పోసినా, మా పెదనాయన కుక్క మీద నాకున్న కుళ్లుకు సరితూగదు.

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజులవి. ఆళ్లగడ్డ నుంచి చాగలమర్రికి పోయే బస్సు దుమ్ము మా ఊరి మీదే దిగేది. తెల్లవాళ్లు పోయి పదేండ్లు కాకముందే మా పెదనాయన తన వేటకుక్కకు 'దొర' అని పేరు పెట్టుకున్నాడు. దాని ఎడమ చెవి చిరిగి ఉండేది. నల్లమల చిరుతపులి చింపిందని పెదనాయన, పక్కింటి పిల్లి చింపిందని మా పెద్దమ్మ. నేను మాత్రం పెద్దమ్మ పక్షం.

ఎందుకంటే మా ఇంట్లో వేటకొక కట్టుబాటు ఉండేది. చెవులపిల్లిని, అంటే కుందేలును, పట్టిన కుక్కకే మొదటి వాటా. ఆ తర్వాతే మనుషులు. నా వంతు వచ్చేసరికి కుండ అడుగున చారు మిగిలేది. ఆ చారులో చెవులపిల్లి స్నానం చేసి పోయిందేమో గానీ ముక్క మాత్రం కనపడేది కాదు. ఒకరోజు ఉండబట్టలేక, నాకు వాటా ఎప్పుడని అడిగేశాను.

"నువ్వు పట్టిన్నాడు," అన్నాడు పెదనాయన. "అది ఏనాడన్నా నీ మాదిరి అడుక్కున్నిందేందిరా?"

కుక్కతో పోలిక పెట్టి, అందులోనూ నన్నే తక్కువ చేస్తే ఏ మగపిల్లవాడు ఊరుకుంటాడు? జొన్నలు కోసి చేన్లన్నీ బోసిగా ఉన్న కాలంలో, ఏదో పెండ్లి మాటలకని పెదనాయన తెల్లారి బస్సుకు నంద్యాల పోయాడు. నేను ఆయన దుడ్డుకర్ర తీసుకున్నాను. దొరను గొడ్ల కొట్టంలో గుంజకు కట్టి, ఏనుగైనా తెంపుకోలేనన్ని ముళ్లు వేశాను. వేటకు తీసుకుపోతున్నానని అనుకుందేమో, కడుతున్నంతసేపూ అది తోక ఊపుతూనే ఉంది.

వంక పక్క, అంటే వాగు ఒడ్డు చేలో, నా కాళ్ల ముందే చెవులపిల్లి లేచింది. దూడంత ఉంది. సరే, దూడ చెవంత. కర్ర విసిరాను. గురి చూసి కాదు, భయపడి. వెనక కాలికి తగిలింది.

ఇక్కడి నుంచి ఏదీ పెంచి చెప్పను. చెవులపిల్లి అరుస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు. పసిబిడ్డ ఏడ్చినట్టు అరిచింది. కాలు ఈడ్చుకుంటూ పోయి తుమ్మకంపలో దూరింది. కంప ముందర కొంచెంసేపు అటూ ఇటూ తిరిగాను. లోపలికి పోగలిగింది దొర ఒక్కటే. దాన్ని కట్టేసి వచ్చింది నేను. ఆ అరుపు మళ్లీ వినపడుతుందేమోనన్న భయంతో ఇంటికి పరుగెత్తాను.

మధ్యాహ్నం బస్సు దిగి వచ్చిన పెదనాయన కట్టి ఉన్న కుక్కను చూశాడు, కర్ర కొసన ఎండిన నెత్తురు చూశాడు.

"చచ్చిందా?"

"తెల్దు పెదనాయనా."

"యాడ పోయింది?"

"వంక పక్క కంపలోకి."

తంతాడనుకున్నాను. తన్నినా బాగుండేది. "ఇప్పు దాన్ని," అన్నాడు. నేను వేసిన ముళ్లు నాకే రాలేదు, పండ్లతో పీకాను. అంతసేపూ దొర నా చెంప నాకుతూనే ఉంది.

ముగ్గురమూ పోయాం. దొర మూడుసార్లు కంపలో దూరి, ముక్కంతా గీరుకొని బయటికి వచ్చింది. వాసన పట్టుకొని వంక దాటింది. రాతినేల మీద వాసన తప్పి, సుళ్లు తిరిగి తిరిగి ఆగిపోయింది. అప్పటికి పొద్దు గూకుతోంది.

"బతికింటాదా పెదనాయనా?" అన్నాను. అవునని ఒక్క అబద్ధం చెప్పమని నా మొహమే బతిమాలి ఉంటుంది.

"నాకేం తెల్సురా," అన్నాడు ఆయన.

దొర వచ్చి ఆయన చెప్పు మీద గడ్డం ఆనించి, అక్కడికక్కడే నిద్రపోయింది. పెదనాయన దాన్ని కదపలేదు. నెమ్మదిగా అన్నాడు: "చూడు దాన్ని. ఎతికినంతా ఎతికింది, పండుకుంది. పొద్దున నువ్వు ఎంతసేపు ఎతికినావు?"

"రోంతసేపు."

"ఎతక్కుండా మిగిలిచ్చినావే, అదేరా నిన్ను తింటాండేది."

మరునాడు నన్నెవరూ లేపలేదు. నేనే లేచి దొరను పిలుచుకొని పోయాను. ఆ మరునాడు కూడా. మూడో రోజు కూడా. చెవులపిల్లి దొరకలేదు. దాని గతి ఏమైందో నాకు ఈరోజుకూ తెలియదు.

ఆ తర్వాత కర్ర పట్టలేదు గానీ, నోరు పట్టాను. నలుగురిలో ఒక మాట విసురుతాను, అందరూ నవ్వుతారు, ఒక్కరు మాత్రం కుంటుకుంటూ పక్కకు పోతారు. అప్పుడు ఎవరితోనూ కబురు పంపను, నేనే వాళ్ల వెనక పోతాను. కొందరు దొరుకుతారు, కొందరు తలుపు తీయరు. మళ్లీ పోతాను. ఎతికినంతా ఎతికానని నాకు నేను చెప్పుకొని పడుకుంటాను. కానీ ఆ కుక్క నిద్రపోయినట్టు నిద్రపోవడం మాత్రం ఇంకా చేతకాలేదు. దాని మీద నా కుళ్లు ఇప్పటికీ అట్లాగే ఉంది.