హార్డ్ డిస్కుకు కట్టిన ఉయ్యాల

మా క్వార్టర్ల లైన్లో ఒక పద్ధతి ఉంది. ఎవరు మొదలుపెట్టారో తెలియదు కానీ, నేను పెళ్లయి కొత్తగూడెం వచ్చేసరికే అది ఉంది. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మనిషి ఇంట్లో పడుకుంటే, అతని గని బూట్లు గడప బయట మెట్టు మీద పెడతారు. ఆ బూట్లు కనిపిస్తే కూరగాయలమ్మే ఆవిడ ఆ ఇంటి ముందు కేక వెయ్యదు. పిల్లలు ఆట పక్క లైన్లోకి మార్చుకుంటారు. చుట్టం వచ్చినా తలుపు కొట్టడు, ఎదురింటి అరుగు మీద కూర్చుంటాడు. రాత్రంతా భూమి కింద పనిచేసి వచ్చినవాడికి నిద్ర చాలకపోతే ఏమవుతుందో మా దగ్గర చిన్నపిల్లలకు కూడా ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇంత మర్యాద తెలిసిన లైన్లో మా ఆయన నిద్ర చెడగొట్టింది బయటివాళ్లెవరూ కాదు. నేనూ, నా కంప్యూటరూ.

నేను ఇంట్లో టైపింగ్ పని చేస్తాను. పెళ్లి కార్డులు, కాలేజీ పిల్లల ప్రాజెక్టులు, భద్రాచలం అవతల అడవి ఊళ్లలో మహిళా సంఘాలు చేసే ఇప్పపువ్వు లడ్డు డబ్బాలకు లేబుళ్లు, ఏది వస్తే అది. ప్రింటింగ్ బజార్లో వేయిస్తాను, అక్షరాలు మాత్రం నావి. ఆ డెస్క్‌టాప్ ఎవరో వాడి వదిలేసినది. దాన్ని ఆన్ చేస్తే లోపలి హార్డ్ డిస్క్ హూమ్మని రొద మొదలుపెట్టేది, పెట్టె రేకు గడగడలాడేది. పెద్ద ఫైలు తెరిస్తే దానికి తోడు కరకరమని ఏదో కొరుకుతున్న చప్పుడు. నా పని పొద్దుటి పూట, మా ఆయన నిద్ర కూడా పొద్దుటి పూటే. రెండు గదుల మధ్య ఉన్నది ఒక్క కర్టెన్.

చాలా రోజులు ఓర్చుకున్నాడు. ఒక సాయంత్రం ఎర్రబడ్డ కళ్లతో మంచం మీద లేచి కూర్చుని అన్నాడు.

"నిన్న రాత్రి టబ్బులు పోయే దారి పక్కన నిలబడ్డకాడ్నే కునుకు పట్టింది. పక్కనోడు భుజం పట్టి గుంజిండు. లేకుంటే ఏమయ్యేదో."

టబ్బులంటే గనిలో పట్టాల మీద నడిచే ఇనుప తొట్లు. బొగ్గుతో నిండిన ఆ టబ్బులు మనిషిని చూసి ఆగేవి కావు.

"ఇగ చెప్తున్న, కోపం చేసుకోకు. మల్ల నైట్ షిఫ్టు వచ్చేలోపు దాని చప్పుడన్న బందు కావాలె, లేకుంటే దాన్నన్న అమ్మాలె."

భయం వేసింది, దాని వెనకే కోపమూ వచ్చింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ పెట్టె వచ్చాకే ఈ లైన్లో నేను ఫలానావాడి భార్యను కాక టైపింగ్ అక్కనయ్యాను. అసలే బూట్లు బయట ఉన్న వారం నా గిరాకీలు కూడా వాటిని చూసి వెనక్కి తిరిగిపోయేవారు. ఇప్పుడు పెట్టె కూడా పోతే ఇక నాకు మిగిలేది ఏమిటి?

రిపేరు షాపుకు మోసుకుపోయాను. షాపతను పరీక్షలన్నీ చేసి, "డిస్క్ మంచిగనే ఉంది మేడం, దాని సౌండే గంత. చప్పుడు రానిది కొత్తది వెయ్యమంటే వేస్త" అన్నాడు. ఆ నెల అది మాకు కుదిరే మాట కాదు. తిరిగి మోసుకొచ్చాను.

అప్పుడు మా ఆయన రంగంలోకి దిగాడు. గనిలో పైకప్పు గట్టిగా ఉందో లేదో వీళ్లు కర్రతో కొట్టి చూస్తారు. గట్టి రాయి ఖంగుమంటుంది. లోపల పొర విడిపోతే బోలుగా మోగుతుంది, వెంటనే ప్రాప్ అని పిలిచే దుంగ నిలబెట్టి, సందుల్లో చెక్కలు దిగ్గొట్టి బిగిస్తారు. ఈయన వంటింట్లోంచి పప్పుగుత్తి తెచ్చి, దాని కర్రతో నా కంప్యూటర్ పెట్టెను అన్ని వైపులా కొట్టి, చెవి ఆనించి విన్నాడు.

"మొత్తం బోలుగుంది. ప్రాప్ వెయ్యాలె."

రేకు డబ్బా బోలుగా కాక ఇంకెలా మోగుతుంది? ఆ సంగతి నాకూ తట్టలేదు. ఇంత నమ్మకంగా చెబుతున్నాడు కదా అని నేనే కత్తిపీట అందించాను. చెక్క ముక్కలు సన్నగా చెక్కి, డిస్క్ చుట్టూ ఉన్న సందుల్లో దిగ్గొట్టాడు. పెట్టెకూ గోడకూ మధ్య కూడా బిగించాడు. స్విచ్ వేస్తే రేకు గడగడ నిజంగానే ఆగింది. ఆ ఆదివారం సంబరంగా కోడి కూర వండాను.

నైట్ షిఫ్టు మొదలైంది. మొదటి రాత్రి పని చేసి వచ్చి పొద్దున్నే పడుకున్నాడు. నేను కంప్యూటర్ ఆన్ చేసిన కాసేపటికే లేచి, మంచం తలవైపు గోడకు చెవి ఆనించాడు.

"ఏందే గిది? గోడలకెక్కింది!"

నేనూ విన్నాను. అంత గట్టిగా బిగించేసరికి రొద పెట్టెలోంచి నేరుగా గోడలోకి పాకి, ఆయన దిండు దగ్గరే పలుకుతోంది. అంతలో పక్క క్వార్టర్ ఆమె వచ్చింది. వాళ్ల మెట్టు మీద కూడా బూట్లున్నాయి.

"అక్కా, ఇంట్ల పిండిగిర్ని గిట్ల పెట్టిన్రా ఏంది? మా ఆయన గోడను తిట్టుకుంట పండిండు."

నాకు తల కొట్టేసినట్టయింది. "కంప్యూటర్‌ను గని చెయ్యమని నీకెవరు చెప్పిన్రు?" అని మా ఆయన మీద విరుచుకుపడ్డాను. ఆయన దిండు చంకన పెట్టుకుని పై లైన్లో స్నేహితుడి ఇంటికి పడుకోవడానికి పోయాడు. తిట్టినా బాగుండేది. ఆ దిండు వీధిలో అలా పోతుంటే చూడలేకపోయాను. కంప్యూటర్ ఆపేసి వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను.

ఏడిస్తే ఏడ్చాను గానీ చట్నీ చెయ్యక తప్పదు కదా. మిక్సీ తీసి, అలవాటుగా దాని కింద మడతపెట్టిన పాత తువాలు వేశాను. అది లేకపోతే బండ అదిరి గూట్లో స్టీలు గ్లాసులన్నీ గలగలమంటాయి. తువాలు మీద చెయ్యి అలాగే ఆగిపోయింది. మిక్సీని ఎవరైనా బండకు చెక్కలు కొట్టి బిగిస్తారా?

చట్నీ పక్కన పెట్టేశాను. ముందు ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను, కోపంలో ఉన్నా ఆ మాత్రం తెలివి ఉంది. ప్లగ్గు పీకి, మా ఆయన ప్రాపులన్నీ ఊడదీసి, స్క్రూలు విప్పి డిస్క్‌ను బయటికి తీశాను. వైర్లు దానికే ఉంచి తువాలు మడత మీద పెట్టి స్విచ్ వేశాను. రొద లేదు! చెవి దగ్గరికి తీసుకెళ్తే సన్నగా తిరుగుతున్న చప్పుడు, అంతే. ఇన్నాళ్లూ ఆ రేకు డబ్బానే దాని చప్పుడును పెద్దది చేసి ఇల్లంతా పంచింది.

"దొరికినవ్ బిడ్డా!" అని ఖాళీ ఇంట్లో గట్టిగా అరిచాను.

కానీ కాసేపాగి ముట్టుకుంటే అడుగున కాలుతోంది. గుడ్డ మీద ఉంచితే డిస్క్ ఉడికిపోతుంది. అంటే దానికి గాలి తగలాలి, రేకు తగలకూడదు. అలాంటప్పుడు వేలాడదీయడమే మార్గం. మా ఆయన సైకిల్ పాత ట్యూబు అటక మీద ఉంది. దాన్ని పట్టీలుగా కోసి, పెట్టెలో ఎప్పుడో పాడైన సీడీ డ్రైవ్ తీసేసిన ఖాళీలో అటూ ఇటూ కట్టి, డిస్క్‌ను మధ్యలో పడుకోబెట్టాను. మొదటిసారి ముక్కు కిందికి వాలి జారింది. మళ్లీ విప్పి, పట్టీలు మెలిపెట్టి రెండేసి ముళ్లు వేస్తే, ఉయ్యాలలో పిల్లలా అడ్డంగా నిలిచింది. మిగిలిన ట్యూబు ముక్కలు పెట్టె కింద నాలుగు మూలలా పెట్టి, దాన్ని గోడకు దూరంగా జరిపాను. సాయంత్రం దాకా నడిపి, మధ్యమధ్యలో ముట్టుకుని చూశాను. గోరువెచ్చగా ఉందంతే. చట్నీ లేకుండానే అన్నం తిన్నాను, ఎంత రుచిగా ఉందో.

మర్నాడు ఆయన షిఫ్టు దిగి వచ్చాడు. దిండు పట్టుకుని మళ్లీ బయలుదేరుతుంటే, "ఇయ్యాల ఇంట్లనే పండు" అని మాత్రం అన్నాను. పడుకున్నాడు. నేను ఊపిరి బిగబట్టి స్విచ్ వేశాను. లడ్డు లేబుళ్ల పెద్ద ఫైలు కావాలనే తెరిచాను. కర్టెన్ అవతల కాసేపు మంచం కిర్రుమంది. తరువాత గురక వినిపించింది. ఇంట్లో ఇప్పుడు అన్నిటికన్నా పెద్ద చప్పుడు అదే. జన్మలో మొదటిసారి ఆ గురక నాకు ముద్దొచ్చింది.

ఆయన లేచేసరికి ఎండ వాలింది.

"కరెంట్ పోయిందా ఏంది? పని చెయ్యలేదా?"

"పొద్దుగాల్నుంచి చేస్తనే ఉన్న. చూడు."

తెర నిండా ఉన్న లేబుళ్లు చూశాడు. పెట్టెలోకి తొంగి చూశాడు.

"గిది నా సైకిల్ ట్యూబు గదా?"

"అవ్. నువ్వు బిగించినవ్, నేను ఇడిసిపెట్టిన."

నమ్మలేక మళ్లీ ఆ పప్పుగుత్తి తెచ్చి కొట్టాడు. "ఇంక బోలుగనే మోగుతుంది గదనే!"

"కొడితే మోగుతది. నువ్వు తప్ప దాన్ని ఎవరు కొడ్తరు?"

ఇద్దరం కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వుకున్నాం. పక్కింటామె వచ్చి పిండిగిర్ని అమ్మేశామా అని అడిగితే, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఉయ్యాల చూపించాను. అంత గర్వం నాకు పదో తరగతి పాసైనప్పుడు కూడా లేదు.

తరువాతి పొద్దున ఆయన వచ్చి, ఎప్పటిలాగే మెట్టు మీద కూర్చుని బూట్లు విప్పాడు. కాసేపు వాటినే చూశాడు. తరువాత రెండింటినీ చేత్తో పట్టుకుని లోపలికి తెచ్చి మంచం కింద పెట్టాడు.

"బయట ఉంటే నీ గిరాకీలు తిరిగిపోతరు," అని అటు తిరిగి పడుకున్నాడు.

కాసేపటికి ఎవరో తలుపు కొట్టారు. నైట్ షిఫ్టు వారంలో ఆ వేళప్పుడు మా ఇంటి తలుపు చప్పుడు వినడం అదే మొదలు. ఉలిక్కిపడి కర్టెన్ వైపు చూశాను. గురక ఆగలేదు. చీర కొంగు సర్దుకుని వెళ్లి తలుపు తీశాను.