నాకా కాడ ఎడమకు జరిగిన ఎద్దులు

దయ్యాలున్నయా లేవా అని ఎవరన్న అడిగితే, "నన్ను చూసినంక గూడ మీకు అనుమానమేనా?" అనేటోణ్ణి. వయసుల అట్లనే ఉండేటోణ్ణి మరి. చెరుకు గడకు ధోతి చుట్టి, కొసకు రుమాలు పెట్టినట్టు. మసక చీకట్ల నన్ను చూసి జడుసుకున్నోళ్లున్నరు గాని, నేను దేన్నీ చూసి జడుసుకున్నది లేదు. చదువు నాలుగో తరగతికాడ ఆగింది. నేను బడి ఇడిసిపెట్టిన నాడు మా పంతులు హనుమంతుని గుడిల కొబ్బరికాయ కొట్టిండని ఊర్ల చెప్పుకుంటరు. అబద్ధం. రెండు కొట్టిండు.

ఇదంత ఎందుకంటే, నేను నోరు తెరిస్తే జనం నవ్వెటందుకు తయారుగ ఉంటరు. ఇది మాత్రం నవ్వించెటందుకు రాస్తలేను. చూసింది చూసినట్టు రాస్తున్న. దయ్యాలను గాని, మంత్రాలను గాని నేను నమ్మిన మనిషిని గాదు.

మాది బోధన్‌కు తూర్పు దిక్కున్న పల్లె. కాలువ నీళ్లు, నల్లరేగడి, ఎటు చూసినా చెరుకు. చలికాలం వచ్చిందంటే ఫ్యాక్టరీ నుంచి కోతకు పర్మిట్లు వచ్చేటియి. పర్మిట్ వచ్చినోడు చెరుకు కొట్టి, బండికెత్తి, బోధన్ తొవ్వ పట్టేటోడు. లారీలు అప్పటికి తక్కువ. తొవ్వంత ఎడ్లబండ్లే.

ఆ తొవ్వల ఒక వాగు. సర్కారు వాగు మీద వంతెన కట్టింది. కట్టిన ఖర్చు ఎల్లాలె గద, వంతెన మొదట్ల టోలు వసూలుకు నాకా పెట్టింది. మేము తిరిగిన తొవ్వలల్ల పెద్ద వంతెనలకు గిట్లనే నాకాలుండేటియి. ఏటేట హర్రాజు. ఎక్కువ పాడినోడు గుత్తేదారు. తొవ్వకు అడ్డంగ ఒక వాసం, దాని కాడ గుత్తేదారు మనిషి. బస్సుకు ఒక రేటు, లారీకి ఒక రేటు, ఎడ్లబండికి ఒక రేటు. నడిచి పోయెటోనికి మాఫీ.

మా నాకా మీద చానా ఏండ్లు ఉన్నది మహబూబ్ చాచా. గుత్తేదార్లు మారేటోళ్లు, చాచా మారకపోయేటోడు. గుత్తేదారు ఎవ్వడైనా ఆయన్నే పెట్టుకునేటోడు.

చెరుకు బండి ఎంత ఎత్తుంటదో మీకు తెలుసు. మీద కూసున్నోడు దిగుడు ఒక పని, మళ్ల ఎక్కుడు ఇంకో పని. అందుకని చాచా తన ఇంట్ల నుంచి ఒక ఇత్తడి తాంబాళం తెచ్చి, గేటు గుంజకు గొలుసుతోని వేలాడగట్టిండు. పై నుంచి బిళ్ల ఇసిరితే తాంబాళంల ఖణ్ మని పడేది. ఆ చప్పుడుకే బిళ్ల మంచిదో ఖోటాదో చెప్పేటోడు. మంచిదైతే వాసం లేసేది. బండి ఆగినట్టే ఉండకపోయేది.

నాకూ ఆయనకు రోజూ పంచాయితే. "చాచా, ఈ ఎద్దుకు ఒక కొమ్ము ఇరిగింది. టోలు తక్కువ చేయవా?" అని పై నుంచి అడిగేటోణ్ణి.

"ఎద్దుకు తక్కువ చేస్తగని, నీ నోటికేం కడ్తవు చెప్పు. అది రెండు బండ్లంత ఉన్నది" అనేటోడు.

ఆ తాంబాళానికి ఇంకో పని గూడ ఉండేది. కాన్పు కష్టమైన ఆడమనిషో, పానం మీదికి వచ్చినోళ్లో వెనుక నుంచి బండ్ల వస్తున్నరని తెలిస్తే, చాచా ఒక కట్టె తీసుకొని తాంబాళాన్ని గట్టిగ వాయించేటోడు. అది ఇన్నమంటే వరుసల ఉన్న బండ్లన్ని ఎడమకు జరిగి తొవ్వ ఇయ్యాలె. ఆ బండికి టోలు లేదు. ఇది సర్కారు రూలు గాదు, గుత్తేదారు రూలు గాదు. చాచా రూలు. కొన్నేండ్లకు ఎట్లయిందంటే, మేము పగ్గం గుంజకముందే మా ఎద్దులు ఆ చప్పుడుకు ఎడమకు ఒరిగేటియి.

ఒక వానకాలం చాచా జరమొచ్చి పోయిండు. బండ్లోళ్లం అందరం మట్టికి పోయినం. చాచీ ఆ తాంబాళాన్ని ఇంటికి తెచ్చుకున్నది.

ఆ చలికాలానికి గుత్తేదారు కొత్తోడు, పద్ధతి కొత్తది. నాకా కాడ రేకుల డబ్బా కొట్టిచ్చి, దానికి కిటికీ పెట్టి, లోపల ఒక గుమస్తాను కూసోబెట్టిండు. బండోడు దిగాలె. కిటికీ కాడ నిలబడాలె. పైసలిచ్చి చిట్టి తీసుకోవాలె. చిట్టి చూపితేనే వాసం లేస్తది. మనుషులేమో కిటికీ కాడ గుంపు, బండ్లేమో మనుషులు లేకుంట తొవ్వ మీద బారు. ఎద్దులకు తోచక నెమరేసుకుంట నిలబడేటియి.

నేను గూడ ఆ ఏడు కొత్తోణ్ణే అనుకోండ్రి. పాత ఎద్దులను అమ్మి, దెగ్లూర్ అంగడిల కొత్త జోడి తెచ్చిన. వాటికి తెలుగు రాదు, నాకు మరాఠీ రాదు. తిట్లు మాత్రం ఇద్దరికీ సమజయ్యేటియి. చాచా ఉన్నప్పుడు ఆ ఎద్దులు ఈ తొవ్వ మొకం చూసినయి గావు. ఈ ముచ్చట యాదికి పెట్టుకోండ్రి, మళ్ల పనికొస్తది.

మా కోత పర్మిట్ వచ్చిన దినం, పొద్దు నడినెత్తి మీదికి వచ్చే యాళ్లకు, మా అన్న గంగారాంను పింజర పాము కరిసింది. చెరుకు మొదలు పట్టుకొని కొడ్తుంటే ఆకు కింద ఉన్నది. మడమ మీద కరిసింది. చూస్తుండంగనే కాలు వాసింది. కొందరు మంత్రమేసెటోని కాడికి అన్నరు. మా వదిన కొంగు నడుముకు చెక్కుకొని, "మంత్రం లేదు, ఏం లేదు. బండి కట్టు పోశెట్టి, దవాఖానకు" అన్నది.

ఎత్తిన చెరుకంత కింద పడేసి, చెరుకాకు పరిచి అన్నను పండుకోబెట్టినం. వదిన తల ఒళ్లె పెట్టుకున్నది. నేను బండి మీద నిలబడే కొట్టిన. మా బాపు పోయినంక నన్ను సాదింది ఆ అన్ననే. నా పెండ్లికి తన పాలు భూమి అమ్మింది ఆ అన్ననే. నేను ఎన్ని ఎకసెక్కాలాడినా ఊర్ల నవ్వకుంట చూసేటోడు ఆయన ఒక్కడే. తొవ్వల ఒకసారి వెనుకకు తిరిగి చూస్తే, పండ్ల సందుల నుంచి నెత్తురు కారుతున్నది. మళ్ల తిరిగి చూడలే.

వంతెన కనవడ్డది. దానితోపాటు చెరుకు బండ్ల బారు కనవడ్డది. వాగు ఒడ్డు నుంచి చింతచెట్ల దాక. చెరుకు బండి తొవ్వ నడిమిట్లనే నిలబడ్తది. రెండు దిక్కుల మట్టి అంచు, దాని కిందికి నీళ్లు పెట్టిన మడులు. పక్క నుంచి పోదామంటే చెరుకు లేని నా బండికి గూడ జాగ లేదు. బండ్ల మీద ఒక్క మనిషి లేడు. అందరూ అగో ఆ దూరం కిటికీ కాడ ఉన్నరు.

నేను ఒర్రుడు మొదలువెట్టిన. పేర్లు పెట్టి పిలిచిన. మొక్కిన. వాళ్ల అమ్మలను, అయ్యలను తిట్టిన. ఆ దూరానికి నా గొంతు పోతలేదు. వదిన గూడ ఏడుసుకుంట ఒర్రుతున్నది. దిగి ఉరుకుదామంటే, నేను పోయి, వాళ్లను తీసుకొచ్చి, ఒక్కొక్క బండి జరిపేవరకు అన్న ఉండడు. ఆ ముచ్చట నాకు సమజయింది. అయినా ఒర్రుతనే ఉన్న.

అప్పుడు జరిగింది.

అన్నిటికన్న ముందల, నాకా కాడున్న బండి ఎద్దులు తలలెత్తినయి. దాని వెనుకవి ఎత్తినయి. బారు పొడుగునా కొమ్ములు లేసినయి. తర్వాత మెడగంటలు ఒక్కసారి మోగినయి, అన్ని బండ్లయి ఒక్కసారే. వరుస మొత్తం ఎడమకు జరిగింది. ఎట్లంటే, నిద్రల ఉన్న మనిషి ఒత్తిగిలినట్టు. అంత నిమ్మలంగ. కొట్టేటోడు లేడు, పగ్గం పట్టినోడు లేడు. నిండు బండ్లు, మెత్తటి మట్టి అంచు మీదికి. చక్రాలు దిగవడ్తున్న చప్పుడు, చెరుకాకు గలగల. కుడి దిక్కు తొవ్వ తెల్లగ, ఖాళీగ, వంతెన దాక.

నా దెగ్లూర్ ఎద్దులు గూడ ఎడమకే గుంజినయి. అది నేను సచ్చేదాక మరువ. "అరే, తొవ్వ మనకే ఇస్తున్నరు, మీరెటు పోతున్నరే!" అని పగ్గం కుడికి గుంజితే గాని అవి సక్కగ కాలే.

ఒక్కొక్క జోడి పక్క నుంచి పోతుంటే వాటి కండ్లు చూసిన. అవి నన్ను చూస్తలేవు. బెదిరినట్టు లేవు. అన్ని నాకా దిక్కే చూస్తున్నయి, చెవులు ముందలికి పెట్టి. నాకు వెంట్రుకలు నిక్కబొడుసుకున్నయి గాని, అది భయం గాదు. పెద్ద గుడిల గర్భగుడి తలుపు తీసినప్పుడు అయితది సూడుండ్రి, గసొంటిది.

కిటికీ కాడి మనుషులు నోళ్లు తెరిచి నిలబడ్డరు. గుమస్తా బయటికొచ్చి తన చేతులతోనే వాసం లేపిండు. చిట్టి అడుగలే.

దవాఖానల సూదులిచ్చిండ్రు. అన్న బతికిండు. కాలు జర వంకరపోయింది, అంతే.

లేసి కూసున్న నాడు అన్న అడిగిన మొదటి మాట, "చాచా మళ్ల నాకాల చేరిండా?"

నేను వదిన దిక్కు చూసిన. చాచా మట్టికి అన్న గూడ వచ్చిండు. "ఎందుకన్నా?" అని అడిగిన.

"తాంబాళం కొట్టిండు గద" అన్నడు. కండ్లు మూసుకొని ఉన్ననని, ఏం కనవడలేదని, ఆ చప్పుడు ఒక్కటే ఇనవడ్డదని చెప్పిండు. అప్పటిదాక నేను ఆయనకు ఎద్దుల ముచ్చట చెప్పనే లేదు. నువ్వు గూడ ఇన్నవా అని వదినను అడిగిన. "నాకు నీ ఒర్రుడే ఇనవడ్డది" అన్నది.

నేను ఊకునే రకం గాదు. నాకా కాడికి పోయి అడిగిన. కిటికీ కాడున్నోళ్లు ఎవ్వరు ఏ చప్పుడు ఇనలే. వాళ్లు పైసల కాడ గుమస్తాతోని లొల్లి పెట్టుకుంటున్నరట. బస్సు రాలే, హారన్ కొట్టలే. మట్టి అంచు మీద చక్రాల గుర్తులు ఇంక అట్లనే ఉన్నయి, ఒకదాని ఎంబడి ఒకటి. దిగవడ్డ బండ్లను మళ్ల రోడ్డెక్కిచ్చెటందుకు ఆ దినం పొద్దుమూకేదాక కష్టపడ్డరట. ఎద్దులు బెదిరితే తలోదిక్కు పోతయి. అన్ని ఒక్క దిక్కు, ఒక్క తీరుగ ఎందుకు పోతయి? పాత ఎద్దులకు అలవాటున్నదనుకుందాం. నాయి? నాయొక్కటే గాదు, ఆ బారుల ఆ ఏడే కొన్న జోడీలు ఇంకా ఉన్నయి.

ఆఖరుకు బోధన్ల చాచీ ఇంటికి పోయిన. తాంబాళం ఏదని అడిగిన. బియ్యం డబ్బా మీద మూత పెట్టుకున్నది. చాచా పోయినప్పటి సంది అది గడప దాటలేదన్నది. ఒక్క దినం ఇయ్యి చాచీ అని తీసుకపోయిన.

మాపటికి, బండ్ల బారు నిండుగ ఉన్నప్పుడు, అదే గుంజ కాడ నిలబడి, అదే తాంబాళాన్ని, చేతులు నొచ్చేదాక కొట్టిన. ఒక్క ఎద్దు తల ఎత్తలే. పాతయి గూడ ఎత్తలే. నాయి నెమరు గూడ ఆపలే. "ఏమమ్ముతున్నవ్‌రో పోశెట్టి?" అని బండ్లోళ్లు నవ్విండ్రు.

ఇప్పుడు నాకా లేదు, వాసం లేదు, బండ్లు లేవు. ఎంతోమందికి చెప్పిన. చదువుకున్నోళ్లు ఏదో ఒకటి చెప్పిండ్రు. ఏ జవాబైనా ఆ దెగ్లూర్ ఎద్దుల కాడికి వచ్చేవరకు ఆగిపోతది. నాకైతే నేటి వరకు తెలువది.

గట్ల కొట్టినంక తాంబాళం తిరిగి ఇచ్చెటందుకు పోయి, జరిగిందంత చాచీకి చెప్పిన. నేను కొడితే ఎద్దులు కదలలేదని గూడ చెప్పిన. ఆమె తాంబాళాన్ని కొంగుతోని తుడుసుకుంట నిమ్మలంగ ఇన్నది.

"నువ్వు కొడితే ఎందుకు జరుగుతయి? ఎవరి పానం మీదికొచ్చిందని?" అన్నది.

"అది గాదు చాచీ. ఆ దినం నేను గూడ అక్కడనే ఉన్న గద. మరి నాకెందుకు ఇనవడలే?"

తాంబాళాన్ని బియ్యం డబ్బా మీద బోర్లించి, నా మొకం దిక్కు చూసింది.

"ఎద్దులు ఇన్నయి. పానం పోతున్నా మీ అన్న ఇన్నడు. నువ్వెట్ల ఇంటవ్ బేటా, నోరు మూసుకుంటే గద!"