రెండు కళ్లకు రెండు వైద్యాలు

ఎనభైల చివర్లో, చిత్తూరు నుంచి తిరుపతి వెళ్లే బస్సులో నేను కంట్లో చుక్కలమందు వేసుకోవడం చూసి, పక్కనున్న పెద్దావిడ "నీటికాసులా అమ్మా?" అని అడిగింది. అవును, కంట్లో ఒత్తిడి పెరిగి చూపు తగ్గుతోందన్నాను. లేజరో, కోతో నన్నే తేల్చుకోమన్నారు డాక్టరు. నెలరోజులుగా తేల్చుకోలేకపోతున్నానని చెప్పాను.

"నాకు రెండూ అయినాయి. ఈ కంటికి మద్రాసులో లేజర్ పెట్టినారు. నొప్పి లేదు, ఆ పొద్దే ఇల్లు చేరినా. రెండేండ్లకే ఒత్తిడి మళ్లా ఎక్కింది. ఈ కంటికి కోసినారు. మంట, కట్టు, పదిదినాలు అగసాట్లు. అయినా సూపు నిలబడుండాది."

ఆవిడ కోసిన కంటి పైరెప్ప ఎత్తింది. తెల్లగుడ్డు మీద చిన్న నీటిపొక్కు కనిపించింది.

"నీళ్లు దిగేదానికి ఆడ దారి చేసినారు. పోయిన సూపు దేంట్లోనూ రాదు తల్లీ, ఉండేది నిలుపుకోవల్ల. కట్టున్నన్నాళ్లు నీకు అన్నం కలిపి పెట్టేదెవురు?"

ఒంటరిగా ఉండే టీచర్నని చెప్పాను.

"జాబు రాయి, నేనొస్తా" అని పుత్తూరులో తన ఇంటి చిరునామా చెప్పి రాసుకోమంది.

కోతే చేయించుకున్నాను. మా చెల్లెలు రావడంతో ఆవిడకు జాబు రాసే అవసరం పడలేదు. కానీ చెల్లెలు వస్తానని చెప్పకముందే నేను ఆవిడ మాట నమ్ముకుని ఆసుపత్రికి వెళ్లి కోతకు సరేనని చెప్పి వచ్చాను.